ఉత్తి కాళ్లూ, ఒక జత బూట్లూ

1911 ఐఎఫ్ఏ షీల్డ్ ఫుట్‌బాల్ టోర్నీలో కలకత్తా క్లబ్ మోహన్ బగాన్ ఆటగాళ్లంతా ఉత్తి కాళ్లతో ఆడి తెల్లవాళ్ల జట్టును ఓడించారని, స్వాతంత్ర్యానికి అదే తొలి గంట అని ఒక వ్యాసంలో రాశారు. చిన్న సవరణ: సుధీర్ చటర్జీ బూట్లు వేసుకున్నారు, ఉత్తి కాళ్లతో ఆడింది మిగతా పదిమంది. అది ధైర్యం ఒక్కటే కాదు, ఆట పద్ధతి కూడా. పొడి నేల మీద వేళ్లతో, పాదం అంచుతో బంతిని దగ్గరగా నడపొచ్చు, చటుక్కున మళ్లొచ్చు. వాన పడిందా, మడమ జారుతుంది. నీళ్లు తాగిన తోలు బంతి బరువెక్కి పాదాన్ని నొప్పిస్తుంది. ఆ షీల్డ్ జరిగింది కలకత్తా వానాకాలంలో మరి!

జూలై 29 ఫైనల్లో ముందు గోల్ కొట్టింది బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటే. ఆట ముగింపుకొచ్చాక శివదాస్ భాదురి సమం చేశారు, ఆ వెంటనే అభిలాష్ ఘోష్ గెలుపు గోల్ వేశారు. నన్నడిగితే పట్టుదల సెమీస్‌లోనే తేలింది: మరో సైనిక జట్టు మిడిల్‌సెక్స్‌తో 1-1 డ్రా, మళ్లీ ఆడితే 3-0.

రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారింది ఈ గెలుపు వల్లేననడం మాత్రం అతి. ఆ డిసెంబరులో బ్రిటిష్ రాజు ఢిల్లీలో జరిపిన దర్బారులోనే రాజధాని మార్పుతో పాటు బెంగాల్ విభజన రద్దు కూడా ప్రకటించారు. దాని వెనక ఆరేళ్ల స్వదేశీ ఉద్యమం ఉంది.