రెడ్ వైన్ ఏ అర్థంలో మందు?

తెలుగులో ‘మందు’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. రెడ్ వైన్ దగ్గరికొచ్చేసరికి చాలామంది ఆ రెండూ ఒకటే అనుకుంటున్నారు. రోజుకో గ్లాసు గుండెకు మంచిదన్న మాట ఎంత గట్టిగా నాటుకుందంటే, తాగనివాళ్లు కూడా దాన్నే అప్పజెబుతారు. దానికి తోడు వంటింటి నమ్మకం ఇంకొకటి: ‘పొయ్యి మీద పెడితే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతుంది, పిల్లలకైనా పెట్టొచ్చు’. మొదటిది ఇప్పుడు నిలబడదు. రెండోది సగం నిజం. ఇంటిల్లిపాదీ తినే వంటలో ఆ మిగతా సగమే ముఖ్యం.

గుండె కథ ఊపందుకున్నది 1991 నవంబరులో. వెన్న, చీజ్ అంతగా తినే ఫ్రెంచివాళ్లకు గుండెజబ్బులు తక్కువెందుకన్న ప్రశ్నకు అమెరికా టీవీ కార్యక్రమం ‘60 మినిట్స్’ రెడ్ వైన్‌ను జవాబుగా చూపించింది. మరుసటి ఏడాది ఫ్రెంచి శాస్త్రవేత్త సెర్జ్ రెనో ఇదే విషయం మీద వైద్య పత్రిక ‘లాన్సెట్’లో రాశారు. ఆ తర్వాత వెలుగంతా ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ అనే పదార్థం మీద పడింది. 2006లో కొవ్వు మేత తిన్న ఎలుకలకు అది మేలు చేసిందన్నది నిజమే. అయితే ఆ మోతాదు శరీర బరువులో కిలోకు రోజుకు 22 మిల్లీగ్రాములు. ఎలుక లెక్కను మనిషికి మార్చేటప్పుడు సుమారు పన్నెండో వంతుకు తగ్గిస్తారు. అలా తగ్గించినా 60 కిలోల మనిషికి వంద మిల్లీగ్రాములు దాటుతుంది. 150 మిల్లీలీటర్ల గ్లాసులో రెండు మిల్లీగ్రాములుంటే గొప్ప. అంటే రోజుకు యాభై గ్లాసులకు పైనే! అంత తాగినవాడి గుండె గురించి మాట్లాడే ముందు లివర్ గురించి మాట్లాడాలి. 2014లో ఇటలీలోని కియాంటీ ప్రాంతంలో 783 మంది వృద్ధుల మూత్రంలో రెస్వెరట్రాల్ జాడలను కొలిచి, వారి ఆరోగ్యంతో పోల్చి చూశారు. ఆ జాడలు ఎక్కువున్నవాళ్లు ఎక్కువ కాలం బతకలేదు, గుండెజబ్బులూ వాళ్లకు తక్కువేమీ కాలేదు.

మరి ‘మితంగా తాగేవాళ్లే ఆరోగ్యంగా ఉన్నారు’ అన్న పాత సర్వేల సంగతి? చిక్కు పోలికలో ఉంది. ‘తాగనివాళ్ల’ గుంపులో జబ్బుపడి మానేసినవాళ్లూ కలిసిపోయారు. వాళ్ల పక్కన ఎవరిని నిలబెట్టినా ఆరోగ్యవంతుల్లాగే కనిపిస్తారు. దీన్ని సరిచేస్తూ 107 అధ్యయనాలను మళ్లీ లెక్కగట్టిన విశ్లేషణ 2023లో వచ్చింది. ఆ లెక్కలో మితంగా తాగడం వల్ల ఆయుష్షు పెరిగిన దాఖలా నిలవలేదు. చీటీ వేసి కొందరికి రోజుకో డ్రింకు ఇచ్చి తేల్చేద్దామని అమెరికాలో పెద్ద ట్రయల్ ఒకటి మొదలుపెట్టారు. దానికి డబ్బులో పెద్ద భాగం మద్యం కంపెనీల నుంచి వచ్చిందని, రూపకల్పన దశలోనే వాళ్లతో మంతనాలు జరిగాయని బయటపడి 2018 జూన్‌లో ఆపేశారు.

నష్టం వైపు మాత్రం ఇంత గందరగోళం లేదు. మద్య పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి వర్గం, అంటే ఖాయంగా క్యాన్సర్ తెచ్చే కారకాల్లో చేర్చింది. ఒంట్లో ఆల్కహాల్ ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది, అది డీఎన్ఏను దెబ్బతీస్తుంది. సీసాలో ఉన్నది వైనా, విస్కీయా అన్న తేడా శరీరానికి తెలియదు. 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ 150 మిల్లీలీటర్లు తాగితే లోపలికి వెళ్లేది 14 గ్రాముల ఆల్కహాల్. రొమ్ము క్యాన్సర్ ముప్పు ఇంత తక్కువ మోతాదులోనూ కొంత పెరుగుతుంది. ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. ఆరోగ్యం కోసమని తాగడం మొదలుపెట్టడానికి కారణమేదీ మిగల్లేదు.

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. వంటలో వైన్ వాడటానికి ఒప్పుకోదగ్గ కారణం ఒక్కటే, రుచి. మాంసం వేయించిన పెనంలో 120 మిల్లీలీటర్ల వైన్ పోయండి. చుయ్‌మంటుంది, ఘాటు ముక్కుకు కొడుతుంది, అడుగంటిన గోధుమరంగు పొర కరిగి సాస్‌లో కలుస్తుంది. రెండు నిమిషాల్లో ఘాటు తగ్గుతుంది. ‘ఆల్కహాల్ పోయింది’ అనుకునేది ఇక్కడే. పోయింది కొంతే. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుందన్నది అది ఒక్కటే ఉన్నప్పటి మాట. నీళ్లతో కలిసున్నప్పుడు 90 డిగ్రీల పైచిలుకులో రెండూ కలిసే ఆవిరవుతాయి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం, మరుగుతున్న సాస్‌లో వైన్ పోసి వెంటనే దించేస్తే 85 శాతం ఆల్కహాల్ అందులోనే ఉంటుంది. మంట అంటించి ఆర్పేసినా 75 శాతం మిగులుతుంది. పావుగంట ఉడికిస్తే 40, గంటకు 25, రెండున్నర గంటలకు 5 శాతం.

ఈ పట్టికను గడియారంలా వాడితే మాత్రం మోసపోతాం. అవి సగటు అంకెలు. వెడల్పు పెనంలో మూత లేకుండా మరిగే వైన్‌కూ, లోతు గిన్నెలో మూత కింద ఉడికే వైన్‌కూ పోలికే లేదు. మూతకు తగిలిన ఆవిరి చుక్కలుగా మారి తిరిగి కూరలోనే పడుతుంది, దాంతోపాటే ఆల్కహాలూ. అందుకే నిమిషాలు కాదు, ఎంత ఇంకిందో చూడాలి. మొదట లేచే ఆవిరిలో ఆల్కహాల్ వాటా గిన్నెలో ఉన్నదానికంటే చాలా రెట్లు ఎక్కువ. కాబట్టి వైన్‌ను విడిగా మరిగించి మూడో వంతుకు దించితే ఆల్కహాల్‌లో చాలా భాగం వెళ్లిపోతుంది. ఆ తర్వాతే మాంసం ఉడికించిన రసమో, నీళ్లో కలపాలి. ముందే కలిపేస్తే వైన్ ఎంత ఇంకిందో కొలిచే దారి ఉండదు.

కుటుంబం లెక్క వేసుకుందాం. 13 శాతం ఆల్కహాల్ ఉన్న 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలో ఆల్కహాల్ సుమారు 77 గ్రాములు. రెండున్నర గంటలు ఉడికిన మాంసంలో 5 శాతం మిగిలిందనుకుంటే నాలుగు గ్రాముల లోపు. ఆరుగురికి పంచితే తలా ముప్పావు గ్రాము కూడా రాదు. అదే, దించేముందు సాస్‌లో 120 మిల్లీలీటర్లు కుమ్మరిస్తే పది గ్రాములకు పైనే ఉండిపోతుంది. నలుగురు తింటే తలా రెండున్నర గ్రాములు. చూడ్డానికి సీసా మొత్తం పోసిన వంటే భయపెడుతుంది. జాగ్రత్తపడాల్సింది మాత్రం ఆ చిన్న సాస్‌తోనే. పచ్చి వైన్ కలిపిన డెజర్ట్‌లు పిల్లలకు అసలే వద్దు.

ఇంకించడంలో ఇబ్బంది ఒకటుంది. ఆల్కహాల్ పోయేకొద్దీ పులుపు, టానిన్ల వగరు చిక్కబడతాయి. నాలుకను పట్టేసే వైన్ సాస్‌లో చేదవుతుంది. ఓక్ పీపాల వాసన బాగా ఉన్నదీ అంతే. వగరు తక్కువున్న మామూలు వైన్ చాలు, ఖరీదైన సీసా సువాసనలు ఎలాగూ ఆవిరిపాలే. ‘కుకింగ్ వైన్’ అని అమ్మేదాంట్లో ఉప్పు కలిపి ఉంటుంది, ఇంకిస్తే కూర ఉప్పుకషాయం. అల్యూమినియం, పూతలేని ఇనుప గిన్నెలు పులుపు తగిలితే కూరకు లోహపు రుచి ఎక్కిస్తాయి, స్టీలు వాడండి. బీన్స్, బంగాళాదుంపలు మెత్తబడ్డాకే వైన్ కలపాలి, పులుపు తగిలితే అవి త్వరగా ఉడకవు. క్రీమ్ చివర్లో, సెగ తగ్గించి వేయాలి, లేదంటే విరుగుతుంది. మాంసం నానబెట్టే వైన్‌ను ముందే మరిగించి, పూర్తిగా చల్లార్చి పోయండి.

గర్భిణులు, మద్యం మానేసినవాళ్లు, మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు ఉన్న ఇంట్లో ఈ లెక్కలేవీ వద్దు, వైన్ లేకుండానే వండాలి. మానేసినవాళ్లకు గ్రాములకంటే వాసనే ప్రమాదం. 240 మిల్లీలీటర్ల వైన్‌కు బదులు చక్కెర కలపని నల్లద్రాక్ష రసం 150, చిక్కటి బ్లాక్ టీ 75, వెనిగర్ 15 మిల్లీలీటర్లు కలపండి. వగరు టీ నుంచి, పులుపు వెనిగర్ నుంచి వస్తాయి. ద్రాక్ష రసం ఒక్కటే పోస్తే కూర తియ్యగా తేలిపోతుంది.

వైన్ వాడే ఇంట్లో మిగిలిన సీసా ఇంకో చిక్కు, ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగైదు రోజుల్లో రుచి చెడుతుంది. తెరిచిన రోజే మూడో వంతుకు ఇంకించి ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి. 30 మిల్లీలీటర్ల గడ్డ ఒక్కోటి 90 మిల్లీలీటర్ల వైన్‌కు సమానం, రెండు వేస్తే నలుగురికి సరిపడే సాస్ అవుతుంది.