మెడ వెనక కూర్చున్న సైజు లేబుల్‌కి ఒక ఉత్తరం

మహారాజశ్రీ సైజు లేబుల్ గారి సముఖమునకు,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ, అంటే నా మెడ వెనకాల, తమరు కూడా క్షేమంగా ఉండి గుచ్చుకుంటూనే ఉన్నారు కాబట్టి ఉభయకుశలోపరి. ఇకమీదట తమరు గిమరు మానేసి నువ్వు అనే అంటాను. ఇన్నేళ్లుగా నా వీపెక్కి కూర్చున్నదానివి, మన మధ్య మర్యాదలేంటి?

మొన్న జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. ట్రయల్ రూమ్‌లో నువ్వూ నేనూ తప్ప ఎవరూ లేరు. టాప్ మీద ఎక్స్ఎల్ అని ఉంది. బీరువాలో నావన్నీ ఎక్స్ఎల్‌లే కదా అని నిన్ను నమ్మి తల దూర్చాను. భుజాల దాకా బాగానే వచ్చి అక్కడ ఆగిపోయింది. కిందికి లాగితే దిగదు, పైకి లాగితే రాదు. రెండు చేతులూ పైకెత్తి, మొహం గుడ్డలో ఇరికించుకుని, పోలీసులకి దొరికిపోయిన దొంగలా నిలబడ్డాను. ఆ పెనుగులాటలో టాప్ మెలితిరిగి నువ్వు సరిగ్గా నా ముక్కు ముందుకొచ్చావు. అంత దగ్గరగా నిన్నెప్పుడూ చూడలేదు. బొటనవేలంత తెల్ల ముక్క, రెండు పక్కలా కుట్లు, మధ్యలో రెండు నల్లక్షరాలు. ఇంత చిన్నదానికా నేను ఇన్నాళ్లూ భయపడింది అనిపించింది.

బయట్నుంచి సేల్స్‌గర్ల్ "అయిందా మేడం?" అంది. "చూస్తున్నానమ్మా" అన్నాను గుడ్డ లోపల్నుంచి. నిజమే చెప్పాను, నిన్నే చూస్తున్నాను.

ఇంతలో చంక దగ్గరెక్కడో పటుక్కున ఒక కుట్టు తెగింది. ఆ చప్పుడు విని నేను కుట్టినవాళ్లని తిట్టుకోలేదు, నిన్నూ తిట్టలేదు. "రేపట్నుంచి రాత్రి తిండి మానేయాలి" అనుకున్నాను. చూశావా నీ మహిమ? తప్పు నీది, పస్తు నాకు.

ఇంటికొచ్చాక కసి కొద్దీ నీ వంశచరిత్ర తవ్వాను. 1939, 1940లలో అమెరికా వ్యవసాయ శాఖవాళ్లు టేపులు పట్టుకుని బయల్దేరి దాదాపు 15 వేలమంది ఆడవాళ్లని కొలిచారట. (వ్యవసాయ శాఖకి ఈ పనేంటని అడగకు, గృహవిజ్ఞానం కూడా వాళ్ల కిందే ఉండేది.) ఒక్కొక్కరికి 59 కొలతలు! అంత కొలిచినవాళ్లు చివరికి లెక్కలోకి తీసుకున్నది తెల్లవాళ్ల కొలతలే. ఆ లెక్కల ఆధారంగా 1958లో ప్రభుత్వం పేరుతో ఒక ప్రమాణం వచ్చింది. అందులో సైజు నంబరు 8 అంటే నడుము ఇరవై మూడున్నర అంగుళాలు. ఇవాళ్టి 8 తొడిగితే ఆ నడుము లోపల వదులుగా తేలుతుంది. ఎందుకంటే చిన్న నంబరు చూస్తే కొనేవాళ్లు మురిసిపోతారని కంపెనీలు అదే నంబరు కింద గుడ్డ పెంచుకుంటూ పోయాయి. దానికి వానిటీ సైజింగ్ అని పేరు కూడా ఉంది. 1983లో ఆ ప్రమాణాన్నే ఎత్తేశారు. అప్పట్నుంచి ఎవరి అంగుళం వారిది.

అంటే నువ్వు పూటకో మాట మీద ఉంటావు. నేను మాత్రం నీ మాట ప్రకారం ఒళ్లు మార్చుకోవాలి.

నీ అక్షరాల సంగతి సరేసరి. బళ్లో లెక్కల మాస్టారు ఎక్స్ అంటే మనకి తెలియని విలువ అని నేర్పించారు. ఆ లెక్కన ఎక్స్ఎక్స్ఎక్స్ఎల్ అంటే నా ఒళ్లు ఎంతో నీకు మూడింతలు తెలియదని ఒప్పుకున్నట్టే కదా.

తెలియకపోవడానికి కారణం కూడా దొరికింది. మధ్యరకం సైజున్న ఒక అమ్మాయిని నిలబెట్టి, ఆమెకి సరిపోయేలా ముందు ఒక నమూనా తయారుచేస్తారు. మిగతా సైజులన్నీ దానికే ఇక్కడో అంగుళం, అక్కడో అరంగుళం పెంచుతూ తగ్గిస్తూ లాక్కొచ్చినవే. దీన్ని గ్రేడింగ్ అంటారు. రెండు మూడు సైజుల వరకు బండి నడుస్తుంది. ఆ తర్వాత ఒళ్లు ఆ లెక్క వినదు. మనిషి లావైతే పొట్ట పెరుగుతుంది, దండచేతులు పెరుగుతాయి, భుజం ఎముక మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నమూనాకి ఆ తేడా తెలియదు, అన్నీ కలిపి సాగదీస్తుంది. అందుకే పెద్ద సైజు డ్రెస్సు మెడ భుజం మీంచి జారిపోతుంటే, అదే డ్రెస్సు చెయ్యి రక్తం ఆడకుండా బిగుసుకుపోతుంది. ఇది సరిగ్గా కుదరాలంటే పెద్ద ఒంటి మీద పెట్టి చూసి వేరే నమూనా మొదట్నుంచి కత్తిరించాలి. అది ఖర్చుతో కూడిన పని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కుట్టడం కుదరక ఒళ్లు లావంటున్నావు.

కుదరదని కాదు. 1904లో న్యూయార్క్‌లో చిన్న దుకాణం పెట్టిన లేనా బ్రయంట్ అనే దర్జీ ఉండేది. లిథువేనియా నుంచి వలస వచ్చింది, భర్త పోయాడు, కుట్టుమిషనే ఆధారం. మొదట గర్భిణులకి బట్టలు కుట్టింది. తర్వాత లావుపాటి ఆడవాళ్ల కోసం తన దగ్గరికొచ్చిన వేలమంది కొలతలు తీసింది, చాలక ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరున్న కొలతలు కూడా పోగేసింది. బ్యాంకు కాగితం మీద లేనా కాస్తా పొరపాటున లేన్ అయిపోతే, పోనీలే అని దుకాణానికి ఆ పేరే ఉంచేసిందని చెబుతారు. తన పేరు తప్పు పడితే సర్దుకుంది కానీ, ఆడవాళ్ల కొలతలు తప్పు పడితే సర్దుకోలేదు మహాతల్లి. వందేళ్ల కిందట టేపు పట్టుకుని ఒకావిడ చేసిన పని, ఇవాళ కంప్యూటర్లు పెట్టుకుని నీకెందుకు చేతకావట్లేదు?

నీ చుట్టాల గురించి కూడా రెండు ముక్కలు. దుకాణం గోడ మీద "నీ ఒంటిని ప్రేమించు" అని నిలువెత్తు పోస్టర్. దాని కిందే ఉన్న స్టాండులో ఎల్ దాటితే ఖాళీ. అడిగితే "పెద్ద సైజులు ఆన్‌లైన్‌లోనే మేడం" అంటారు. ప్రేమించొచ్చు కానీ నలుగురి ముందూ కాదన్నమాట. ఒకవేళ దొరికినా నలుపు, కాకపోతే ముదురు నీలం. పెద్ద సైజు వాళ్లమంతా ఏడాది పొడుగునా ఎవరి కోసమో సంతాపం పాటిస్తున్నట్టు ఉంటాం.

చారల మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. "అడ్డ చారలు వేసుకోకు, ఇంకా లావుగా కనిపిస్తావు" అని నాకు చెప్పనివాళ్లు పాపాత్ములు. హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1867 నాటికే దీని సంగతి తేల్చేశాడు. ఒకే కొలత ఉన్న రెండు చదరాలు తీసుకుని ఒకదాన్ని అడ్డ గీతలతో, ఇంకోదాన్ని నిలువు గీతలతో నింపితే, అడ్డ గీతలదే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుందన్నాడు. ఆడవాళ్ల గౌన్ల ప్రస్తావన కూడా తెచ్చాడు. అయినా ఆ మాట ట్రయల్ రూమ్ దాకా రాలేదు. నేనేమో ఇరవై ఏళ్లు నిలువు చారల్లో గడిపేశాను. ఆ ఇరవై ఏళ్లకి బిల్లు ఎవరికి పంపాలో చెప్పు.

అలాగని తప్పంతా నీ నెత్తినే రుద్దితే నాకే నవ్వొస్తుంది. బీరువా పై అరలో ఒక ప్యాంటు ఉండేది. నీ మీద 28 అని రాసుంది. కొన్నరోజే తెలుసు పట్టదని, "సన్నబడ్డాక వేసుకుంటా" అని కొన్నాను. ఏడాదికోసారి దాన్ని దించేదాన్ని. తొడల దాకా ఎక్కించి, మంచం మీద వెల్లకిలా పడుకుని, ఊపిరి బిగబట్టి జిప్పు లాగేదాన్ని. ఒక ఏడాది సగం దాకా వచ్చింది. ఆ సగం జిప్పుకి నేను ఎంత సంబరపడ్డానంటే, లేచి నిలబడటానికి సాయం కావాలని ఎవర్నీ పిలవలేక పావుగంట అలాగే పడుకుని సీలింగ్ ఫ్యాన్ చూస్తూ మురిసిపోయాను. మళ్లీ మడతపెట్టి అదే అరలో దాచాను. ఇంటి కాగితాలు కూడా నేనంత భద్రంగా దాచలేదు. వేసుకోని ప్యాంటుకి ఆరేళ్లు అద్దె లేకుండా అర ఇచ్చి, వేసుకునే బట్టల్ని కుర్చీ మీద కుప్పపోశాను.

నిన్న సాయంత్రం ఆ ప్యాంటుకి కత్తెర పెట్టి నాలుగు ముక్కలు చేశాను. మంచి కాటన్, తడి బాగా పీలుస్తోంది. నువ్వున్న ముక్కని అద్దం తుడవడానికి ఉంచుకున్నాను.

ఇట్లు,
ఇన్నాళ్లూ నిన్ను మోసినది

తా.క.: ఈ ఉత్తరం రాస్తూనే, ఒంటి మీదున్న చొక్కాలోంచి నీ చెల్లెల్ని కూడా కత్తిరించి పారేశాను. మొదలంటా తెగలేదు. ఒక్క దారప్పోగు మిగిలిపోయి ఇంకా గోకుతోంది.