నల్లగొండ పిల్లలకు అక్షరం గీయడం ఎవరు నేర్పుతారు?

మొన్న నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక ఫ్లెక్సీ చూశాను. పై వరుసలో 'రాష్ట్రం', సరిగ్గా దాని కింద 'నీటి'. ష కింది ట వత్తు, క్రావడి రెండూ దిగి 'నీ' గుడి దీర్ఘం మీద కూర్చున్నాయి. దూరం నుంచి చూస్తే నల్లటి ముద్ద తప్ప ఏమీ కనబడదు. అది చేసిన పిల్లవాడిని తప్పు పట్టను. సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు, కలర్లు నేర్చుకున్నాడు. ఇంగ్లిష్‌కు వరుసల మధ్య సరిపోయే ఖాళీ తెలుగుకు చాలదని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇదే ఊరి నుంచి 1922లో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నీలగిరి పత్రిక నడిపారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఆయన పేరు పెట్టుకున్న 'సురవరం' ఫాంట్ ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని గీసింది పురుషోత్ కుమార్ గుత్తుల. కాబట్టి ఫాంట్లకు కరువు లేదు. అలాంటి ఫాంట్ గీయాలనుకునే దేవరకొండ పిల్ల ఎక్కడికి పోవాలన్నదే నా బాధ. ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగమో, ముంబై ఐఐటీలోని ఐడీసీ డిజైన్ స్కూలో అంటే ఎంతమందికి అందుతుంది?

నేర్పాల్సింది చాలా ఉంది. 'కు'లో కొమ్ము అక్షరం పక్కన చేరుతుంది. 'వు'లో మాత్రం కిందినుంచి మొదలవుతుంది. అక్కడా పక్కనే పెడితే 'వు' కాస్తా 'మ' అయిపోతుంది. రోజూ రాసే మనమే ఈ సంగతి గమనించం. కలం పట్టి పెద్దగా గీస్తే గాని తెలియదు. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలే. గుణింతాలు, వత్తులు కలిపి ఫాంట్ కోసం గీయాల్సిన ఆకారాలు వందల్లో ఉంటాయి. వాటిని ఒకదానితో ఒకటి కుదిర్చే పనికి ఓపిక, కన్ను రెండూ కావాలి.

ఆ కన్ను మన దగ్గర లేదనుకోను. పోచంపల్లిలో గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కపెట్టి, దాని ప్రకారం రంగు అంటకుండా నూలుకు చిటికి కట్టే ఇళ్లున్నాయి. ఆ ఇంటి పిల్లలకు ఒక గీత గడి పక్కకు జరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

నల్లగొండలోని మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీల్లో తెలుగు వాళ్లు, కంప్యూటర్ వాళ్లు కలిసి ఒక్క సెమిస్టర్ పేపర్‌తో మొదలుపెట్టొచ్చు. తొలి క్లాసు నల్లగొండ పక్కనున్న పానగల్లు పాత గుళ్ల దగ్గర, శాసనాల ముందు పెట్టినా బాగుంటుంది. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయిన బోర్డు పెయింటర్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. సుద్దముక్కతో రెండు గీతలు కొట్టి, వత్తుకు ఎంత చోటు వదలాలో కంటితోనే కొలిచినవాళ్లు. వాళ్లను పాఠం చెప్పడానికి పిలవాలి. డిగ్రీ లేదని గేటు దగ్గర ఆపొద్దు.