ప్లెథోరాకు జలగ వైద్యం

మా అబ్బాయి ఇంజనీరింగ్ సీటు కోసం తిరుగుతుంటే ఒక కాలేజీ వాళ్లు రంగుల పుస్తకం చేతిలో పెట్టారు. మొదటి పేజీలోనే, తమ దగ్గర చేరితే అవకాశాల ‘ప్లెథోరా’ అని రాసి ఉంది. కుప్పలుతెప్పలని వాళ్ల ఉద్దేశం. నాకు గుండె ఆగినంత పనైంది. పిల్లాణ్ని పంపేది చదువుకోడానికి గానీ జబ్బు తెచ్చుకోడానికి కాదు కదా.

వేళాకోళం కాదు, ప్లెథోరా అంటే జబ్బే. మాట పుట్టుకలో తప్పేమీ లేదు. గ్రీకులో నిండుదనం అని అర్థం. సంస్కృతంలోని పూర్ణానిదీ దానిదీ ఒకటే మూలధాతువు. అంటే పండగనాడు బూరెలో పెట్టే పూర్ణానికి పెదనాన్న కొడుకన్నమాట. ఎటొచ్చీ అది వైద్యుల సావాసం పట్టింది. ఒంట్లో రక్తం మితిమీరి పేరుకుపోవడానికి వాళ్లు ఆ పేరు పెట్టారు. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో ఎరాసిస్ట్రాటస్ అనే వైద్యుడు చాలా రోగాలకు ఇదే కారణమన్నాడు. పాపం మంచివాడు, కోతల జోలికి పోకుండా లంఖణాలు చేయించేవాడు. తర్వాత గేలెన్ అనే ఇంకో వైద్యుడు వచ్చి, లంఖణాలేమిటి, నరం కోసి రక్తం తీయాలంటూ ఆయన్ని ఖండిస్తూ గ్రంథాలే రాశాడు. లోకం గేలెన్ మాటే విన్నది. తిండి మానమన్నవాడి మాట ఎవరు వింటారు?

ఆ వినడం వినడం పదిహేను వందల ఏళ్లకు పైగా విన్నారు. 1799 డిసెంబరు 14న జార్జి వాషింగ్టన్‌కు గొంతు వాచి ఊపిరాడకపోతే, ఒక్క రోజులో నాలుగుసార్లు కలిపి రెండు లీటర్లకు పైనే రక్తం తీశారు. మరీ ఎక్కువ తీయొద్దని భార్య బతిమాలింది. ఆ రాత్రే ఆయన పోయాడు. ఫ్రాన్సువాళ్లయితే కత్తి కూడా దండగనుకుని 1833లో నాలుగు కోట్లకు పైగా జలగల్ని దిగుమతి చేసుకున్నారు. జలగల ప్లెథోరా అనాల్సింది అప్పుడే!

ఇంత చరిత్ర ఉన్న రోగం ఇంగ్లీషులో మెల్లగా ప్రమోషన్ కొట్టి, పొగడ్తయి కూర్చుంది. వాపును చూసి బలుపనుకోవడమంటే ఇదే. మనవాళ్లు ఈ విషయంలో గట్టివాళ్లు. ఒకడికి కొవ్వెక్కిందంటే వాడికి సన్మానం జరుగుతోందని ఎవరూ అనుకోరు. ‘మా కాలేజీకి అవకాశాల కొవ్వు పట్టింది’ అని తెలుగులో అచ్చేయమనండి చూద్దాం.

కాబట్టి నా డిమాండు ఒక్కటే. ఎవరైనా తమ దగ్గర ప్లెథోరా ఉందని ప్రకటిస్తే ఆ మాటను సీరియస్‌గా తీసుకుని వైద్యం మొదలుపెట్టాలి. నిజంగా రక్తం ఎక్కువైన పాలీసైథీమియా రోగులకు ఇవాళ్టికీ రక్తం తీస్తూనే ఉన్నారు, వైద్యం తెలియక కాదు.

ఇదంతా ఆ కాలేజీవాళ్లకు ఉత్తరం రాద్దామని కూర్చుని, పుస్తకం చివరి పేజీ తిప్పాను. ట్యూషన్ ఫీజు, లైబ్రరీ ఫీజు, ల్యాబ్ ఫీజు, ఇంకా పునాదులు పడని బిల్డింగుకు డెవలప్‌మెంట్ ఫీజు, మొత్తం నాలుగు విడతల్లో. వైద్యం ఏర్పాట్లు వాళ్లే చేసి పెట్టారు. ఉత్తరం చింపేసి బ్యాంకుకు బయల్దేరాను.