మెయిలర్ డీమన్ గారికి సన్మానం ఎప్పుడు?

మన హనుమకొండలో శాలువా పడని భుజం దొరకడం కష్టం. రిటైరైతే సన్మానం, ప్రమోషనొస్తే సన్మానం, ఏమీ రాకపోతే ఓదార్పుగా ఇంకో సన్మానం, ఫంక్షన్ హాలు ఆదివారం ఖాళీగా ఉందని తెలిస్తే ఎవరో ఒకరిని పట్టుకొచ్చి కూర్చోబెట్టి మరీ సన్మానం. అయినా రాత్రనక పగలనక డ్యూటీ చేస్తూ, రూపాయి ముట్టకుండా, ఎవరికైనా ఉన్నమాట ముఖం మీదే చెప్పే ఒక ఉద్యోగిని మాత్రం ఈ ఊరు ఇప్పటిదాకా పట్టించుకోలేదు. ఆయన పేరు మెయిలర్ డీమన్.

మీరు ఎవరికో మెయిల్ పంపుతారు. ఆ చిరునామాలో మనిషి లేడు. రెండు నిమిషాల్లో, మెయిల్ సర్వర్‌లో కూర్చున్న ఈ ప్రోగ్రామ్ గారి నుంచి జవాబు: 'అట్లాంటి వారు ఇక్కడ ఎవరూ లేరు.' పక్కన 550 అని ఒక నంబరు. ఏ ఆఫీసులోనైనా ఇంత తొందరగా, ఇంత స్పష్టంగా జవాబు వచ్చిందా మీకు? రేపు రండి అనడు, పై సారు లీవులో ఉన్నారనడు.

ఆయనతో నా పరిచయం పాతదే. మా కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘానికి మెయిలింగ్ లిస్ట్ చూసుకునే పని నాది. జీతం లేదు, పేరు లేదు, తిట్లు ఉన్నాయి. లిస్ట్ పుట్టుక ఒక లాంగ్ నోట్‌బుక్‌లో జరిగింది. సిల్వర్ జూబ్లీ రోజు గేటు దగ్గర టేబుల్ వేసి, దారంతో కట్టిన ఒకే ఒక పెన్ను పెట్టి, వచ్చినవాళ్లందరి మెయిల్ ఐడీలు రాయించుకున్నారు. అందులో 1 అంకె ఏదో, ఎల్ అక్షరం ఏదో బ్రహ్మకు కూడా తెలియదు. అండర్‌స్కోర్‌ను నోట్‌బుక్ గీతే మింగేసింది. ఒక పేజీలో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక, దాని కింద ముగ్గురి యాహూ ఐడీలు జలసమాధి. ఒకాయన మెయిల్ ఐడీ గడిలో 'మా బాబుది ఉంది, అడిగి చెప్తా' అని రాశాడు. డీటీపీ పిల్లవాడు అది కూడా వదల్లేదు, మాటల మధ్య ఖాళీలు తీసేసి, చివర జీమెయిల్ డాట్ కామ్ తగిలించి ఎక్కించాడు. ఆ చిరునామాకు నేను ఏళ్ల తరబడి సంక్రాంతి శుభాకాంక్షలు పంపాను.

తిరిగొచ్చే మెయిళ్లలో రెండు జాతులున్నాయి. వెనకటి పోస్ట్‌మ్యాన్ ఉత్తరం మీద రాసేవాడు చూడండి, 'తలుపు తాళం' అని ఒకటి, 'ఇల్లు ఖాళీ చేసి పోయినారు' అని ఇంకొకటి, అవే. నంబరు 4తో మొదలైతే తాళం, సర్వరే నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ పోయి తలుపు తట్టి వస్తుంది. 5తో మొదలైతే ఇక పోనక్కర్లేదు. ఈ లెక్క 1982 నాటి మెయిల్ నియమావళిలోనే ఉంది, దాన్ని రాసినాయన పేరు జాన్ పోస్టెల్. ఉత్తరాల సంగతి రాసినవాడి పేరు పోస్టెల్, నేను కల్పించింది కాదు.

సరే, లిస్టులో చచ్చిన చిరునామాలు చాలా ఉన్నాయి, తీసేద్దామని కమిటీలో పెట్టాను. ప్రెసిడెంట్ సారు చాయ్ కింద పెట్టి నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూశారు.

"మనిషిని ఎట్ల తీసేస్తవ్ తమ్మీ? రెండు వేల పైచిలుకు సభ్యులని ప్రతి మీటింగ్‌ల చదువుతున్న. రేపు ముఖ్య అతిథి ముంగట పద్నాలుగు వందలని చదవాల్నా?"

"సార్, మెయిళ్లు వాపసు వస్తున్నయి."

"వాపసు వచ్చేది నీకే గదా? నీకు రాకుండ సెట్టింగ్ పెట్టుకో."

ఇంతటి పాలనా సూత్రం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఫిర్యాదుల పెట్టెకు తాళం వేసి తాళంచెవి భద్రకాళి చెరువులో పారేస్తే ఫిర్యాదులు రానే రావు. వెంటనే అమలు చేశాను. రిటర్న్‌లన్నీ నేరుగా చెత్తబుట్టలోకి పోయేటట్టు ఫిల్టర్ పెట్టాను. ఆరు నెలలు హాయిగా గడిచింది. ఏడో నెలలో వార్షికోత్సవం ఆహ్వానం పంపితే హాలుకు నలభై మంది వచ్చారు, అందులో పదిమంది క్యాటరింగ్ వాళ్లు. మిగతావాళ్లందరి ఆహ్వానాలూ స్పామ్‌లో పడుకున్నాయి.

ఎందుకు పడుకున్నాయంటే, ఒక మనిషి సుబేదారిలో గేటు గేటుకూ పోయి లేని మనుషుల పేర్లు చెప్పి అడుగుతున్నాడనుకోండి. ఒక గేటు దగ్గర జాలిపడతారు, రెండో దగ్గర విసుక్కుంటారు, పదో గేటు దగ్గరికి వచ్చేసరికి వాడు దొంగేనని వీధంతా తీర్మానిస్తుంది. ఆ తర్వాత నిజంగా ఉన్న మనిషి పేరు చెప్పినా గేటు తీయరు. జీమెయిల్, యాహూ చేసేదీ అదే. లేనివాళ్లకు పదే పదే పంపేవాడు చిరునామాలు ఎక్కడో కొనుక్కొచ్చి ఉంటాడని వాటి అనుమానం. పైగా వదిలేసిన పాత ఐడీల్లో కొన్నింటిని ఉచ్చులుగా మార్చి పెడతారు, వాటికి మెయిల్ పంపినవాడు లిస్టును కడగడం లేదని దొరికిపోతాడు. 2024 ఫిబ్రవరి నుంచి ఈ రెండు కంపెనీలూ ఇంకా బిగించాయి, స్పామ్ అని నొక్కేవాళ్లు 0.3 శాతం దాటకూడదట. మా దగ్గర చందా అడిగితే నొక్కేవాళ్లే అంతకంటే ఎక్కువ.

నిజానికి లిస్ట్ సాఫ్ట్‌వేర్‌కు దయాగుణం ఎక్కువే. మేము వాడేది మెయిల్‌మ్యాన్. ఒకసారి తిరిగొస్తే సభ్యుణ్ణి తీసేయదు, మార్కులు వేస్తుంది. గట్టి రిటర్న్‌కు ఒకటి, మెత్తటిదానికి అర, రోజుకు ఒక్కసారే. వారం పాటు ఏమీ తిరిగి రాకపోతే పాత మార్కులు మాఫీ. మామూలు సెట్టింగ్‌లో ఐదు మార్కులకు సభ్యత్వం ఆపేస్తుంది. ఆపేసి, 'అయ్యా, మీ చిరునామాకు మెయిళ్లు అందడం లేదు' అని వారానికొకటి చొప్పున మూడు నోటీసులు పంపుతుంది. ఎక్కడికి? ఆ అందని చిరునామాకే. ఇల్లు పన్ను నోటీసు తాళం వేసిన గేటుకు అంటించి ఫొటో తీసుకుపోయే పద్ధతి, సాఫ్ట్‌వేర్ వాళ్లు మన దగ్గర నేర్చుకున్నారో మనం వాళ్ల దగ్గర నేర్చుకున్నామో!

ఈ మార్కుల పద్ధతే 2014 ఏప్రిల్‌లో మా కొంప ముంచింది. యాహూ ఆ నెలలో డీమార్క్ అనే నియమం కింద ఒక చాటింపు వేసింది: మా యాహూ పేరుతో వచ్చే ఉత్తరం మా సర్వర్ నుంచి రాకపోతే దొంగ ఉత్తరమే, తిప్పి కొట్టండి అని. బాగానే ఉంది. మరి మెయిలింగ్ లిస్ట్ చేసే పనేమిటి? యాహూ ఆయన రాసింది తీసుకుని, ఆయన పేరుతోనే, మన సర్వర్ నుంచి అందరికీ పంచడం. మా లిస్టులో ఒక యాహూ పెద్దాయన ఉన్నారు, తెల్లవారితే శుభోదయం, గులాబీ పువ్వు. జీమెయిల్ చాటింపు విని ఆ శుభోదయాన్ని తిప్పి కొట్టింది. మా సాఫ్ట్‌వేర్ ఏమనుకుంది? తిరిగొచ్చిందంటే తీసుకోవాల్సినవాళ్లదే తప్పనుకుని జీమెయిల్ సభ్యులందరికీ తలా ఒక మార్కు వేసింది. రెండో రోజు శుభోదయం, రెండో మార్కు. ఐదో గులాబీకి జీమెయిల్ బ్యాచ్ మొత్తం సస్పెండ్. రాసినాయన దర్జాగా ఉన్నారు, చదవాల్సినవాళ్లు బయట నిలబడ్డారు. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో 'నుంచి' గడిలో లిస్ట్ చిరునామానే పెట్టే ఏర్పాటు వచ్చి ఊపిరి పీల్చుకున్నాం. ఆ పెద్దాయనకు నేటికీ ఈ సంగతి చెప్పలేదు, బీపీ మనిషి.

కొన్ని రిటర్న్‌లలో ఉన్న పేరు మన లిస్టులోనే ఉండదు. సభ్యుడు పాత ఐడీ నుంచి ఆఫీసు ఐడీకి దారి మళ్లించుకుని, ఆ ఆఫీసు మానేసి ఉంటాడు. దీనికి డేనియల్ బెర్న్‌స్టీన్ అనే ఆయన మంచి మందు కనిపెట్టాడు. ఒక్కో సభ్యుడికి పంపేటప్పుడు తిరుగు చిరునామాలోనే ఆ సభ్యుడి ఐడీ ఇరికించడం, వెర్ప్ అంటారు. కవరు ఎన్ని చేతులు మారి వచ్చినా ఎవరి కోసం బయలుదేరిందో వెనక రాసే ఉంటుంది.

ఇక గూగుల్ రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాలను 2023 డిసెంబర్ నుంచి తీసేయడం మొదలుపెట్టింది. మనవాళ్లకు గుర్తుండేటట్టు నేనొక సర్క్యులర్ పంపాను, మేడారం జాతరకొకసారి లాగిన్ అవ్వండి, ఖాతా బతుకుతుంది అని. తర్వాత క్యాలెండర్ చూస్తే గుండె ఆగింది. జాతర 2022లో ఫిబ్రవరి 16న మొదలైంది, 2024లో 21న. మధ్యలో రెండేళ్ల మీద ఐదు రోజులు! సమ్మక్క తల్లి మాఘ పౌర్ణమి చూస్తుంది, గూగుల్ తేదీ చూస్తుంది. సవరణ సర్క్యులర్ పంపాను. ఎవరూ చదవలేదు, కాబట్టి నష్టమేమీ జరగలేదు.

లిస్టును చివరికి దొంగచాటుగా కడిగాను. కడిగిన మూడో రోజే ప్రెసిడెంట్ సారు ఫోన్. "నాకే మెయిళ్లు బంద్ చేసినవా?" చూస్తే సారు మెయిల్‌బాక్స్ నిండిపోయింది. గూగుల్ ఇచ్చే 15 జీబీలో ఇప్పుడు ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా లెక్కలోకి వస్తుంది, సారు ఫోన్లో గుడ్‌మార్నింగులే జీబీలకు జీబీలున్నాయి. ఫోన్ చేసి మరీ చెప్పాల్సివచ్చింది, ఎందుకంటే మెయిల్‌లో చెబితే డీమన్ గారు వాపసు తెచ్చేస్తారు.

ఒక పేరు మాత్రం నేను కడగలేదు. మాకు లెక్కలు చెప్పిన సారు, పోయి మూడేళ్లయింది. ఆయన బాక్స్ ఇంకా తీసుకుంటూనే ఉంది, ఇంట్లో ఎవరో అప్పుడప్పుడు తెరుస్తున్నట్టున్నారు. బతికున్నవాళ్లలో సగం మంది వాపసు పంపుతుంటే ఆయన ఒక్క మెయిల్ కూడా తిప్పి కొట్టలేదు.

సన్మానం సంగతికి వస్తాను. పోయిన నెల కమిటీలో తీర్మానం పెట్టాను. "దెయ్యానికి శాలువానా?" అన్నారు ప్రెసిడెంట్ సారు. దెయ్యం కాదు సార్, ఎమ్ఐటీ వాళ్లు 1960లలో పెట్టుకున్న పేరు, వెనక కనబడకుండా పని చేసి పెట్టేవాడని అర్థం అన్నాను. అయితే మన అటెండర్ లెక్కనా అని ఒప్పుకున్నారు. శాలువా కాదు, మన వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీ కప్పుదామని నిర్ణయించి, తెచ్చి బీరువాలో పెట్టాం. ఆహ్వానం పంపడమే మిగిలింది. ఆయన ఉత్తరాల్లో తిరుగు చిరునామా వెతికితే ఆ గడి ఖాళీ, రూలే అంత. ఆయన ఉత్తరం కూడా తిరిగొస్తే దానికొక రిటర్న్, ఆ రిటర్న్‌కు మళ్లీ రిటర్న్, కాజీపేట-బల్లార్షా ప్యాసింజర్‌లా పోతూ వస్తూ ఉంటాయని అట్లా పెట్టారట. దర్రీకి చెదలు పట్టకుండా కలరా ఉండలు వేశాను.