మోటెల్ మంచం ఊరికే ఊగలేదు

"1950లలో అమెరికా హైవే మీద ఏ మోటెల్లో దిగినా కలర్ టీవీ, ఏసీ, మసాజ్ పరుపు అన్నీ అద్దెలోనే. పిల్లలకు డబ్బు తీసుకునేవారు కాదు. ఎవరొచ్చినా గది ఇచ్చేవారు." నియాన్ బోర్డు ఫొటోతో ఈ పోస్టు గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఫొటో బాగుంది. మాటలే నిలవవు.

ముందు పరుపు సంగతి. మోటారు లోపలే అమర్చిన మంచాలు మొదట్లో ఉండేవి. ఖరీదెక్కువ, తరచూ చెడిపోయేవి. వాటిని అమ్ముతూ తిరిగిన జాన్ హఫ్టేలింగ్, ప్రత్యేక మంచమే అక్కర్లేదని తేల్చుకుని, 1958లో మోటారును విడిగా తెచ్చాడు. అదే మ్యాజిక్ ఫింగర్స్. పరుపు మామూలుదే, దాని కింద స్ప్రింగులతో ఉండే చట్రానికి (బాక్స్ స్ప్రింగ్) మోటారు బిగిస్తారు. ఇరుసుకు ఒక పక్కన బరువు ఉంటుంది. అది తిరిగేకొద్దీ మోటారు అదురుతుంది, ఆ అదురు స్ప్రింగుల మీదుగా పరుపంతా పాకుతుంది. పాతతరం సెల్‌ఫోన్ జేబులో అదిరిందీ ఇలాగే. బిగింపు వదులైతే ఒంటికి తగిలేది తక్కువ, చప్పుడు ఎక్కువ. పిసకడం, నొక్కడం ఏమీ లేవు కాబట్టి మసాజ్ అనడం ప్రకటనల గొప్పే. ఇక అద్దెలో కలిసిందా? మంచం పక్కన డబ్బా ఉండేది: 25 సెంట్ల నాణెం వేస్తే 15 నిమిషాలు. గదిలో చిల్లర డబ్బా పెడితే దొంగలు ఊరుకోరుగా! డబ్బాలు పగలగొట్టడం ఈ వ్యాపారాన్ని గట్టిగానే దెబ్బతీసింది.

కలర్ టీవీ? 1954లో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన తొలి సెట్టు ధర 1,000 డాలర్లు. 1962లో గది 6 డాలర్లకిచ్చిన 'మోటెల్ 6' అనే మోటెల్లో సైతం నాణెం వేస్తేనే బొమ్మ, అదీ నలుపు తెలుపుల్లో.

చల్లదనం కూడా అన్నిచోట్లా ఏసీది కాదు. అరిజోనా లాంటి ఎండుగాలి ప్రాంతాల్లో తడిమెత్తల మీదుగా గాలి పంపే కూలర్లు చాలా ఉండేవి. గాలిలో తేమ ఉంటే అవి పనిచేయవు. విజయవాడ ఉక్కపోత ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే అసలు ఏసీ పెట్టినవాళ్లు 'రిఫ్రిజిరేటెడ్ ఎయిర్' అని బోర్డు మీద ప్రత్యేకంగా రాయించుకునేవారు.

పిల్లల మాటకొస్తే, 1951 ప్రయాణంలో తలకు 2 డాలర్లు అదనంగా అడిగారన్న కోపంతోనే కెమన్స్ విల్సన్ అనే వ్యాపారి మరుసటేడు మెంఫిస్‌లో హాలిడే ఇన్ అనే సొంత మోటెల్ తెరిచాడు.

"ఎవరొచ్చినా" అన్నది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. నల్లజాతివారికి గదులు నిరాకరించేవారు. ఎక్కడ దిగవచ్చో చెప్పే గ్రీన్ బుక్ 1936 నుంచి వచ్చిందే అందుకు. 1964 పౌరహక్కుల చట్టం ఈ వివక్షను నిషేధించాక కూడా, దాన్ని సవాలు చేస్తూ హార్ట్ ఆఫ్ అట్లాంటా మోటెల్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఆ ఏడాది డిసెంబరులో ఓడింది.