కిడ్నీ పైన గడ్డ, జీన్ టెస్టు: ఆ మెసేజ్‌కి జవాబు

"కిడ్నీ పైన గడ్డ ఉందని స్కానింగ్‌లో వచ్చిందా? ఆలస్యం చేయకండి. సూదితో ముక్క తీయించి జీన్ టెస్టుకి పంపితే క్యాన్సరో కాదో, ఎన్నాళ్లు బతుకుతారో తేలిపోతుంది. నెగటివ్ వస్తే జన్మలో మళ్లీ చూపించుకోనక్కర్లేదు." అమలాపురం నుంచి భీమవరం దాకా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. ఒక్కో మాటా విప్పి చూద్దాం.

ముందు ఆ కంగారు సంగతి. రాయి ఉందేమోనని సీటీ తీయిస్తే కిడ్నీ మీద ఉండే హార్మోన్ల గ్రంథి అడ్రినల్‌లో గడ్డ బయటపడటం మామూలే, వయసు పైబడినవాళ్లలో మరీను. ఎక్కువ భాగం హాని లేని అడినోమాలే. చూడాల్సింది కాంట్రాస్ట్ మందు ఎక్కించకముందు సీటీలో గడ్డ సాంద్రత. నీళ్లకు 0, కొవ్వుకు సుమారు మైనస్ 100 వచ్చే హౌన్స్‌ఫీల్డ్ కొలత అది. గడ్డంతా ఒకే తీరుగా ఉండి 10 గానీ అంతకు తక్కువ గానీ వస్తే, 2023 యూరోపియన్ మార్గదర్శకాల ప్రకారం సైజు ఎంతున్నా మళ్లీ స్కానింగ్ అక్కర్లేదు. 20 దాటి, 4 సెంటీమీటర్లు మించితే అనుమానించాలి. నేరుగా కాంట్రాస్ట్‌తో తీసేస్తే ఈ అంకె దొరకదు. అందుకే చీటీ మీద "ప్లెయిన్ సీటీ" అని రాయించుకోండి. హార్మోన్ పరీక్ష మాత్రం అందరికీ ఉండాలి: రాత్రి 11 గంటలకు డెక్సామెథసోన్ 1 మిల్లీగ్రాము, అంటే అర మిల్లీగ్రాము బిళ్లలు రెండు. పొద్దున 8-9 మధ్య రక్తంలో కార్టిసాల్ హార్మోన్. డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు దాటకపోతే సరే. బీపీ ఉంటే ఆల్డోస్టెరాన్, రెనిన్ కూడా.

"సూదితో ముక్క తీయించి". ప్రాణం మీదికి తెచ్చే మాట ఇదే. ఆ గడ్డ అడ్రినలిన్ వంటి హార్మోన్లు తయారుచేసే ఫియోక్రోమోసైటోమా అయితే సూది తగలగానే అవి రక్తంలోకి పోటెత్తి, బీపీ ఎగబాకి గుండె లయ తప్పొచ్చు. సాంద్రత 10 దాటిన ప్రతి గడ్డకీ ముందు మెటనెఫ్రిన్ల (ఆ హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాల) పరీక్ష చేయాలి, రక్తంలో గానీ మూత్రంలో గానీ. 24 గంటల మూత్రం పట్టేటప్పుడు మొదటి రోజు పొద్దుటిది పారబోసి, మర్నాటి పొద్దుటిదాకా ప్రతిసారీ పట్టాలి. రాత్రి నిద్రమత్తులో ఒకసారి వదిలేస్తే లెక్క తప్పుతుంది. అడ్రినల్ క్యాన్సర్ అయితే సూది దారిలో కణాలు చిందే ప్రమాదం ఉంది. వేరే చోట క్యాన్సర్ ఉండి అది ఇక్కడికి పాకిందేమోనన్న అనుమానం ఉంటే, ఆ జవాబుతో వైద్యం మారేదైతే, అప్పుడే సూది.

ఇక జీన్ టెస్టుతో క్యాన్సరో కాదో తేలడం. సీటీఎన్ఎన్బీ1 జీన్‌లో మార్పు హాని లేని అడినోమాలోనూ ఉంటుంది, క్యాన్సర్‌లోనూ ఉంటుంది. ఐజీఎఫ్2 అనే జీన్ పని సుమారు 90 శాతం అడ్రినల్ క్యాన్సర్లలో ఎక్కువగా ఉంటుంది. దాదాపు అందరిలోనూ ఉన్నది ఎవరికి తిరగబెడుతుందో ఏం చెబుతుంది? తేల్చేది ఆపరేషన్‌లో తీసిన గడ్డను చూసే, మైక్రోస్కోపు దగ్గర కూర్చున్న పాథాలజిస్టే. వైస్ స్కోరులో 9 లక్షణాలు, 3 గానీ అంతకు మించి గానీ ఉంటే క్యాన్సర్‌గా చూస్తారు.

"ఎన్నాళ్లు బతుకుతారో" అన్నదానికి జీన్ల పరిశోధన కొంత దారి చూపిందన్న మాట నిజమే. కానీ అది గుంపుల లెక్క, ఒక మనిషికి ఏళ్లు లెక్కగట్టే పంచాంగం కాదు. ఈ రోజుకీ బరువైనవి మూడు: స్టేజి, గడ్డ అంచుల్లో కణాలు మిగలకుండా తీశారా లేదా, కేఐ-67. కణాల్లో ఎంత శాతం విభజనలో ఉన్నాయో చెప్పే అంకె ఇది. 10 లోపు, 10 నుంచి 20, ఆపైన అని మూడు మెట్లు. అడ్రినల్ క్యాన్సర్‌కి వాడే మైటోటేన్ మందు ఇవ్వాలా వద్దా అన్నదానికీ ఇది చూస్తారు. ఆ అంకె నమ్మదగ్గది కావాలంటే ఆపరేషన్‌లో తీసిన గడ్డ పాడవకూడదు. 8 సెంటీమీటర్ల గడ్డను ఇరుకు డబ్బాలో కుక్కి, పైన కాస్త ఫార్మలిన్ పోసి రాత్రి బస్సులో పంపితే, ఐసు పైపైనే చల్లిన ట్రేలో అడుగు రొయ్యల గతే పడుతుంది గడ్డ నడిమికి. ఫార్మలిన్ గంటకు మిల్లీమీటరు చొప్పున ఇంకినా నడిమికి చేరేసరికి 40 గంటలు. ఈలోగా అక్కడి కణాలు చెడి, అంకె తగ్గి కనిపించొచ్చు. వెడల్పు మూతి డబ్బా, గడ్డకు పదింతలు 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్, వీలైతే అదే రోజు పాథాలజిస్టు చేతికి. అంచులకు సిరా పూసి కోయాల్సింది ఆయనే, మధ్యలో ఎవరూ కోయకూడదు. మూడు రోజులు మించి అందులోనే ఉంచేసినా డీఎన్ఏ ముక్కలవుతుంది. విశాఖకో హైదరాబాద్‌కో రెండో అభిప్రాయానికి వెళ్లేవాళ్లు స్లైడ్లతో సరిపెట్టుకోక గడ్డ ముక్కల్ని పొదిగిన మైనం బ్లాకులు కూడా అడిగి తీసుకెళ్లండి.

నెగటివ్ వస్తే మళ్లీ చూపించుకోనక్కర్లేదనడం ఫియోక్రోమోసైటోమా విషయంలో దగా. రక్తంతో చేసే టెస్టు పుట్టుకతో వచ్చిన మార్పునే చూస్తుంది. ఏటీఆర్ఎక్స్ వంటి జీన్లలో మార్పులు గడ్డలోనే పుడతాయి, రక్తంలో కనిపించవు. 2017 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఇలాంటి ప్రతి గడ్డకూ పాకే గుణం ఉన్నట్టే లెక్క. ఆపరేషన్ తర్వాత కనీసం పదేళ్లు, ఏటా మెటనెఫ్రిన్లు చూపించుకోవాలి. పుట్టుకతో వచ్చే ఎస్డీహెచ్‌బీ జీన్ మార్పు ఉంటే జీవితాంతం. "మాది మేనరికం కాదు కదా" అంటుంటారు. దీనికి మేనరికంతో పనిలేదు. ఆ మార్పు తల్లిదండ్రుల్లో ఒక్కరికుంటే చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు ఆ ఒక్క జీన్‌కే రక్తం ఇస్తే సరిపోతుంది.